తేటనీటిలోని తిండి

1994వ సంవత్సరమున నేను తెలుగు పండితుడనుగా నున్నప్పుడు, మా పాఠశాల బాలురను విహారయాత్రకై భీమునిపట్టణమునకు తీసికొనిపోయితిని. ఆటు సమయ మగుటచే తీరమునందలి రాళ్లు బయటపడియుండెను. వానికి ఆలుచిప్పలు గుంపులుగా అంటుకొనియుండెను. ఎనిమిదవ తరగతి బాలు డొకడు వానిని చూచి, "మాస్టారూ, కదలలేని యీ జీవు లేమి తినునండీ?" అని యడిగెను.

"నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టుకొని తినును" అంటిని.

వాడు దోసిట నీరు పట్టి, కొంతసేపు చూచి, "చక్కెర కలిపిన నీరు కూడ తేటగానే యుండును గదండీ! ఇందులోను కరిగిన తిండి యుండునేమో?" అనెను.

"ఓరీ! నీళ్లు త్రాగిన కడుపు నిండునటరా?" అని నేను నవ్వితిని. తోటి బాలురందరును నవ్విరి. వాడు తల వంచుకొనెను. ఆ యేడు మరల నన్నొక ప్రశ్నయైన అడుగలేదు.

ప్రధానోపాధ్యాయుడనై పదవీవిరమణ చేసిన పిదప, సముద్రజీవులను గూర్చిన గ్రంథ మొకటి చదివితిని. ఆ బాలుని ప్రశ్ననే పెద్దలును వేసికొనిరని అందు తెలిసినది. సముద్రమునందలి సూక్ష్మమైన నాచు విడుచు పదార్థములును, చచ్చిన జీవులు క్రుళ్లగా వచ్చు పదార్థములును నీటిలో కరిగియుండును. ఒక లీటరు నీటిలో అట్టి కర్బనము ఇంచుమించు 1 మిల్లీగ్రాము, లేదా అంతకు తక్కువ. అయినను సముద్రము లన్నిటిలో కలిపి అది 60,000 కోట్ల టన్నులకు మించును!

నీటిజీవుల కిది ఆహారమని జర్మనీ దేశీయుడగు ప్యూటర్ 1909లో వాదించెను. నోబెల్ బహుమానము నందిన డెన్మార్కు శాస్త్రజ్ఞుడు క్రోగ్, 1931లో అప్పటి పరిశోధనల నన్నిటిని పరిశీలించి, ఋజువు చాలదనెను. 1961లో అమెరికాలో స్టీఫెన్స్ మొదలగువారు, వెన్నెముక లేని సముద్రజీవు లనేకము నీటిలో కరిగిన అమైనో ఆమ్లములను ఒడలిలోనికి గ్రహించునని కనుగొనిరి. ఆలుచిప్పలు సహజమైన సముద్రజలమునుండియే వానిని గ్రహించునని 1982లో తేలినది. వాని కిదియే పూర్తి భోజనము కాదు. వడగట్టుకొన్న తిండికి తోడు మాత్రమే. అయినను ఆ బాలుని యూహ సత్యము.

క్రోగును ప్యూటరు మాటను అంగీకరింపలేదు. నేనును బాలుని మాటను అంగీకరింపలేదు. కాని అతడు పరిశీలించి కాదనెను. నేను పరిశీలింపకయే నవ్వితిని. అతని సందేహము తరువాతివారిచే పరిశోధనలు చేయించినది. నా నవ్వు ఒక బాలుని నోరు మూయించినది.

వాడిప్పు డెచ్చట నున్నాడో యెరుగను. బాలలారా! వానికి చెప్పవలసిన మాటను మీకు చెప్పుచున్నాను: "నాయనా, నీవడిగినది మంచి ప్రశ్న. నాకు తెలియదు. తెలిసికొందము రమ్ము."