లోపమూ లాఘవమూ



వ్యాకరణము చెప్పుకొని బ్రతికినవాడు కంపైలర్ల మీద టపా వ్రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. సాంకేతికులైన మిత్రులు మనలో చాలామందే ఉన్నారు. వారి ఎదుట ఈ సాహసము ఒక్క మాట కోసము చేస్తున్నాను. ఆ మాట 'లోపము'. మా శాస్త్రములో లోపమంటే తప్పు కాదు. ఉండవలసిన వర్ణము కనిపించకపోవడము. లోకములో లోపమంటే దోషము. ఈ రెండర్థములూ ఒకే చోట కలిసిన సందర్భమొకటి మొన్న సంక్రాంతికి మా మేనల్లుని మూలాన నాకు తెలిసింది.

నేను విజయనగరము మహారాజా సంస్కృత కళాశాలలో భాషాప్రవీణ చదివి, శ్రీకాకుళము జిల్లా పాఠశాలల్లో ముప్పది మూడేళ్ళు తెలుగు చెప్పి విరమించినవాడను. మా మేనల్లుడు బెంగుళూరులో ఒక చిన్న సంస్థలో పని చేస్తాడు. కర్మాగారాల్లో విషవాయువు ఎంత ఉన్నదో కొలిచి హెచ్చరించే పరికరానికి ప్రోగ్రాము వ్రాయడము వారి పని. పరీక్షల్లో ఆ పరికరము ఒక్కొక్కసారి ఇప్పటి కొలత చూపకుండా అంతకు ముందరి కొలత చూపుతున్నది. ఆప్టిమైజేషను లేకుండా కంపైలు చేస్తే సరిగానే ఉంటుంది. కాని అప్పుడు కోడు పెరిగిపోయి, పరికరములో ఉన్న 128 కిలోబైట్ల ఫ్లాష్ మెమరీలో పట్టదు. ఇటు చూస్తే చోటు చాలదు, అటు చూస్తే మాట నిజము కాదు.

"కంపైలరుదే తప్పని మావాళ్ళందరూ తేల్చేశారు మావయ్యా" అన్నాడు. "మధ్యలో ఒక ప్రింటు వాక్యము పెడితే తప్పు మాయమైపోతోంది. అదలాగే వుంచేసి పంపించేద్దామంటున్నారు. నాకు నిద్ర పట్టట్లేదు."

"తప్పు పోయిందా, దాగిందా నాయనా?" అని అడిగాను. వాడు బదులు చెప్పలేదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురములో స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడిన సంగతి ఈ ప్రాంతము వారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ ప్రమాదానికీ మావాని పరికరానికీ ఏ సంబంధమూ లేదు. కాని, మా జిల్లాలోనే పైడిభీమవరము చుట్టూ ఎన్ని మందుల కర్మాగారాలున్నవో ఎరిగినవానికి, వాయువును కొలిచే పరికరము ఒక్క అడుగు వెనుకటి మాట చెప్పడము చిన్న విషయముగా తోచదు.

ఇక కంపైలరు సంగతి. వాడు చెప్పగా నాకు అర్థమైనంతవరకు వ్రాస్తాను. పొరపాటుంటే తెలిసినవారు సవరించగలరు. మనము వ్రాసే ప్రోగ్రామును కంపైలరు తిన్నగా యంత్రభాషలోకి దించదు. నడుమ తన సౌకర్యము కోసము మరొక రూపములోకి మార్చుకొంటుంది. దానినే ఇంటర్మీడియట్ కోడు అంటారు, నేను మధ్యరూపమంటాను. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయములో 2000లో క్రిస్ లాట్నర్, విక్రమ్ ఆద్వే మొదలుపెట్టిన ఎల్ఎల్‌వీఎం అనే వ్యవస్థ మా మేనల్లుడు వాడేది. అందులో మధ్యరూపము మీద పదుల కొద్దీ సంస్కారాలు ఒకదాని వెనుక ఒకటి జరుగుతాయి. ఒక్కొక్కదానిని 'పాస్' అంటారు. ఒకటి అనవసరమైన లెక్కను తీసివేస్తుంది. ఒకటి రెండుసార్లు చదివినదానిని ఒకసారి చదివితే చాలునంటుంది. ఒకటి మెమరీలో ఉన్నదానిని రిజిస్టరులోకి తెస్తుంది.

ఇది విన్నప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. దీనినే మేము ప్రక్రియ అంటాము. పదో తరగతి పిల్లలకు చెప్పే సరళాదేశ సంధినే చూడండి. పూచెను + కలువలు. 'పూచెను' ద్రుతప్రకృతికము కనుక దాని మీది 'క' సరళమై 'గ' అవుతుంది: పూచెను + గలువలు. ఆ తరువాత ఆ ద్రుతము నిండుసున్న కావచ్చు, అరసున్న కావచ్చు, సంశ్లేషము కావచ్చు, ఉన్నట్లే ఉండిపోనూ వచ్చు. పూచెంగలువలు, పూచెఁగలువలు, పూచెన్గలువలు, పూచెనుగలువలు. ఇప్పుడు ఈ వరుస తిరగవేయండి. ముందే ద్రుతాన్ని తీసివేస్తే 'క' ఎందుకు మారాలి? మార్చే కారణము వెళ్ళిపోయింది; ఇక 'గ' రాదు. నియమాలన్నీ సరియైనవే. వరుస తప్పినందువల్ల రూపము చెడింది.

పాణిని ఈ చిక్కును ఎరుగును. సుమారు నాలుగు వేల సూత్రాల అష్టాధ్యాయిలో చివరి మూడు పాదాలను వేరు చేసి, అక్కడ జరిగిన కార్యము ముందరి సూత్రాల దృష్టిలో జరగనట్లే అని శాసించాడు. ఏ సూత్రము ఏ సూత్రపు ఫలితాన్ని చూడవచ్చునో, ఏది చూడరాదో నిర్ణయించడమే ఇది. కంపైలరు వారు దీనిని ఫేజ్ ఆర్డరింగ్ సమస్య అంటారట. మన హైదరాబాదు ఐఐటీలో, అంటే సంగారెడ్డి జిల్లా కందిలో, రామకృష్ణ ఉపద్రష్ట గారి బృందము దీని మీద పని చేస్తున్నది. వారు 2020లో ప్రకటించిన ఐఆర్‌టువెక్ అనేది ఎల్ఎల్‌వీఎం మధ్యరూపాన్ని సంఖ్యల వరుసలుగా మార్చి యంత్రాభ్యాసానికి అందించే పద్ధతి. 2022లో వచ్చిన పోసెట్-ఆర్ఎల్ అనేది కోడు పరిమాణము, వేగము రెండూ చూసుకొంటూ ఏ పాస్‌ల వరుస మేలో యంత్రమే నేర్చుకొనేటట్లు చేసే ప్రయత్నము. పాణిని ఆలోచించి నిర్ణయించిన దానిని వీరు యంత్రముచేత వెదికిస్తున్నారు.

మధ్యరూపములో నాకు బాగా నచ్చిన నియమమొకటి ఉన్నది. ఒక పేరుకు ఒక్కసారే విలువ ఇవ్వాలి. మళ్ళీ విలువ మారితే కొత్త పేరు పెట్టాలి. దీనిని ఎస్ఎస్ఏ అంటారు. మేము నల్లబల్ల మీద సంధి చేసేటప్పుడు ఒక మెట్టును చెరిపి దాని మీదే మరొక మెట్టు వ్రాయము, కింద వ్రాస్తాము. ఏది దేని నుండి వచ్చిందో కనబడాలి. ఐతే ఈ నియమము రిజిస్టర్లలో ఉండే విలువలకే కాని, మెమరీకి లేదు. మెమరీలోని గదిలో ఎన్నిసార్లైనా తుడిచి వ్రాయవచ్చు. ఒక చరరాశి చిరునామాను ఎవరికీ ఇవ్వకపోతే కంపైలరు దానిని మెమరీ నుండి లేపి రిజిస్టరులో పెట్టగలదు. చిరునామా బయటికి పోయిందా, ఇక ఆ గదిలోకి ఎవరు వస్తారో దానికి తెలియదు. మెమరీ చిక్కులన్నీ ఇక్కడే మొదలు.

ఎందుకంటే ఒకే గదికి రెండు పేర్లు ఉండవచ్చు. దీనిని అలియాసింగ్ అంటారు. 'అర్జునుడు', 'కిరీటి' అన్నప్పుడు ఇద్దరూ ఒకరేనని నిశ్చయముగా తెలుసు. 'అర్జునుడు', 'సహదేవుడు' వేర్వేరని తెలుసు. 'పార్థుడు' అంటే? పృథ కొడుకు; సాధారణముగా అర్జునుడే, కాని ధర్మరాజూ కావచ్చు, భీముడూ కావచ్చు. ఇటువంటి చోట కంపైలరు జాగ్రత్తపడి, దేనినీ తీసివేయకుండా, జరపకుండా ఊరుకొంటుంది. మరి కర్ణుడో? లోకమంతా రాధేయుడంటున్నది. రాధ కొడుకు పృథ కొడుకు కాడు కదా అని ఎవరైనా అనుకొంటారు. అలా అనుకొన్నవారిది తప్పు కాదు. నిజము తెలిసిన తల్లి చెప్పలేదు.

మా మేనల్లుని ప్రోగ్రాములో జరిగినది ఇదే. సీ భాషలో ఒక ఒడంబడిక ఉన్నది. ఒక జాతిగా పెట్టిన విలువను దానికి పొసగని వేరొక జాతి పేరుతో చదవరాదు. ఒక్కొక్క బైటుగా చూడడానికి మాత్రము అనుమతి ఉన్నది. పూర్ణాంకాల గది, దశాంశాల గది వేర్వేరని నమ్మి కంపైలరు ఆ నమ్మకాన్ని మధ్యరూపములో ప్రతి చదువుకూ, ప్రతి వ్రాతకూ ఒక గుర్తుగా తగిలిస్తుంది. వీరి ప్రోగ్రాములో వాయుమాపకము నుండి వచ్చిన నాలుగు బైట్లను పూర్ణాంకముగా గదిలో వ్రాసి, అదే గదిని దశాంశముగా చదివారు. గది ఒకటే, పేర్లు రెండు. రెండవ పేరు సంగతి కంపైలరుకు చెప్పలేదు.

అది ఎక్కడ తెలిసిందంటారా? నేను వానికి చెప్పినది ఒక్కటే. మొదటి రూపము, చివరి రూపము చూసి తగవులాడవద్దు. నడిమి మెట్లన్నీ వరుసగా వ్రాసి చూడు, ఏ మెట్టు దగ్గర అర్థము మారిందో అది దొరికేదాకా ఆగవద్దు అన్నాను. వాడు నవ్వి, దానికి సాధనమే ఉన్నదన్నాడు. ఫలానా సంఖ్య వరకే పాస్‌లు నడిపి ఆపమని ఎల్ఎల్‌వీఎమ్‌కు చెప్పవచ్చునట. సగము వరకు నడిపితే తప్పు ఉన్నదా? లేకపోతే మిగిలిన సగములో వెదకు. ఇలా సగము సగము చేసుకొంటూ పోతే వేల మెట్లున్నా పది పన్నెండు పరీక్షల్లో తేలుతుంది. ముక్కనుమ నాటి రాత్రి వాడు మా వసారాలో కూర్చుండి అదే పని చేశాడు. చివరకు రెండుసార్లు జరిగే చదువులో రెండవదానిని తీసివేసే పాస్ దగ్గర దొరికింది. దశాంశముగా ఒకసారి చదివారు. నడుమ పూర్ణాంకముగా కొత్త కొలత వ్రాశారు. మళ్ళీ దశాంశముగా చదివారు. నడిమి వ్రాత వేరే గదిలోనిదని నమ్మిన కంపైలరు రెండవ చదువు వృథా అని లోపింపజేసింది. అందుకే పాత కొలత. ప్రింటు వాక్యము పెడితే ఎందుకు మాయమైంది? ఆ పిలుపు లోపల ఎవరు ఏ గదిని మారుస్తారో కంపైలరుకు తెలియదు కనుక మళ్ళీ చదివింది. రేపు ఎవరైనా శుభ్రము చేస్తూ ఆ వాక్యాన్ని తీసివేస్తే పాత కథ మొదటికి వస్తుంది.

కంపైలరు చేసిన లోపము శాస్త్రీయమైనది. దోషమైన లోపము మూలములో ఉన్నది.

చికిత్స చిన్నదే. ఈ జాతిభేదపు నమ్మకాన్ని వదలిపెట్టమని కంపైలరుకు చెప్పే మార్గము ఒకటున్నది. లినక్స్ కెర్నల్‌ను అలాగే కంపైలు చేస్తారట. వాడు మొదట అది చేసి ప్రమాదము తప్పించాడు. కోడు మెమరీలో పట్టింది. ఆ పిమ్మట, రెండవ పేరుతో చదివే పని మాని, నాలుగు బైట్లను మెమ్‌కాపీతో దశాంశపు గదిలోకి తెచ్చేటట్లు ఆ వాక్యాన్ని మార్చాడు. మెమ్‌కాపీ అన్నంత మాత్రాన భారము పెరగదు. కంపైలరు దానిని ఒక్క చదువుగా కుదించగలదు. అటువంటి వాక్యాలే మరి మూడు చోట్ల దొరికాయి.

కష్టమైన పని ఆ పైన వచ్చింది. ఆ వాక్యము వ్రాసినది వానికి పని నేర్పిన పెద్దాయన. తప్పు కంపైలరుదని అందరికంటె ముందు అన్నదీ ఆయనే. "ఏటి చెయ్యమంటావు మావయ్యా? కంపైలరు మీదికి తోసేస్తే అందరికీ సుఖమే" అన్నాడు. దాచితే ఎవరి ప్రాణము మీదికి వస్తుందో ఆలోచించుకోమన్నాను. వాడు వెళ్ళి ముందు ఆయనకే మధ్యరూపము మెట్టు మెట్టుగా చూపించాడు. ఆయన చాలాసేపు మాట్లాడలేదట. తరువాత నివేదిక తన చేతనే వ్రాశాడట. పరికరము మూడు వారాలు ఆలస్యముగా బయటికి వెళ్ళింది.

ఇక మీకు నా విన్నపమొకటి. ఆప్టిమైజేషనుకు తెలుగు మాట వెదికేవారు 'లాఘవము' అనే మాటను పరిశీలించగోరుతాను. అర్ధమాత్ర మిగిలితే వైయాకరణులు కొడుకు పుట్టినంత సంబరపడతారని మా శాస్త్రములో వాడుక. ఆ సంబరము కంపైలరు వారికీ ఉన్నది. ఐతే ఒక్క సంగతి మరువరాదు. వ్యాకరణానికి ప్రయోజనాలు చెబుతూ పతంజలి మహాభాష్యములో ఐదింటిని పేర్కొన్నాడు: రక్ష, ఊహ, ఆగమము, లఘువు, అసందేహము. అందులో లాఘవము నాల్గవది. మొదటిది రక్ష. చివరిది సందేహము లేకపోవడము. ఆ రెంటి నడుమ ఉన్నంతవరకే లాఘవానికి విలువ.

ఇంతకంటె మంచి మాట తోచినవారు వ్యాఖ్యలో తెలుపగలరు.