బండి పైన... మనిషి కింద

మెకానిక్ చొక్కా ముందువైపే పాడవుతుందని చాలామంది అనుకుంటారు. మా నాయన చొక్కాలు మాత్రం వీపు దగ్గర చిరిగేవి. ముప్పై అయిదేళ్లు గోనెసంచి పరుచుకుని, జీపుల కింద వెల్లకిలా పడుకుని పని చేసిన మనిషి ఆయన. ఆదోనిలో పత్తి సీజను మొదలైందంటే మార్కెట్ యార్డుకు చుట్టుపక్కల ఊళ్ల బండ్లు బారులు తీరతాయి. వాటిలో ఏదో ఒకటి మా ఇంటి పక్కనున్న రేకుల షెడ్డు ముందు ఆగేది. అర్ధరాత్రి అయినా సరే, టార్చిలైటు పళ్లతో పట్టుకుని నాయన బండి కిందికి దూరేవాడు.

బండిని ఎత్తడానికి ఆయనకున్న సరంజామా తక్కువ. రెండు బాటిల్ జాకీలు, ఒక ట్రాలీ జాకీ, టింబర్ డిపోలో కోయించుకున్న నాలుగు చెక్క దిమ్మెలు. జాకీతో లేపాక ఛాసిస్ కింద దిమ్మెలు పేర్చనిదే చెయ్యి కూడా లోపల పెట్టేవాడు కాదు. ఎవరైనా తొందరపడి ఇటుకలు పెడితే తన్నేసేవాడు. చెక్క విరిగేముందు చప్పుడు చేస్తుంది, పీచు లేస్తుంది. ఇటుక అట్లా కాదు, చెప్పాపెట్టకుండా పొడి అయిపోతుంది. ఇక జాకీ లోపల ఉండేది నూనె. వాషరు కాస్త అరిగిందంటే నూనె జారుతుంది, బండి దిగుతుంది. “నూనె ఉండేది ఎత్తేదానికిరా, మోసేదానికి కాదు” అని పనిలో చేరిన ప్రతి పిల్లోడికీ మొదటి రోజే చెప్పేవాడు.

ఆ మాట ఊరికే వచ్చింది కాదు. నా చిన్నప్పుడు ఊళ్లో ఇంకో షెడ్డులో, జాకీ మీదున్న బండి ఒరిగి ఒక పదిహేడేళ్ల పిల్లోడు పోయాడు. అంతకు ముందు ఏడాది వాడు మా షెడ్డులోనే పానాలు అందించేవాడు. ఆ రాత్రి నాయన అన్నం ముట్టలేదు. అప్పటినుంచి అమ్మకు ఒక అలవాటు పట్టుకుంది. షెడ్డులోంచి కాసేపు సుత్తి చప్పుడు వినిపించకపోతే వంటింటి కిటికీ దగ్గరికొచ్చి “వింటాండవా?” అని పిలిచేది. అటునుంచి “ఆఁ” అని వస్తేనే మళ్లీ పొయ్యి దగ్గరికి పోయేది.

గుంత తవ్వించుకోవచ్చు కదా అని సలహా ఇచ్చినవాళ్లున్నారు. గుంతకు దాని కష్టాలున్నాయి. వాన పడితే నీళ్లు ఊరతాయి. పైగా పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. అది పైకి పోకుండా గుంత అడుగున పేరుకుంటుంది. అక్కడ వెలుతురు కోసం వేలాడదీసిన బల్బు పగిలిందంటే అంతే సంగతులు. నాయన ఆ జోలికి పోలేదు.

మా తమ్ముడు బెంగళూరులో తొమ్మిదేళ్లు గ్యారేజీల్లో పనిచేసి తిరిగొచ్చాడు. వస్తూనే రెండు స్తంభాల లిఫ్టు కావాలన్నాడు. మీరూ సర్వీస్ సెంటర్లలో చూసే ఉంటారు. అటొకటి, ఇటొకటి ఇనుప స్తంభాలు. ఒక్కోదానికి రెండేసి చేతులు. ఆ నాలుగు చేతులూ కారు పొట్ట కిందికి పోతాయి. మోటారు నూనెను సిలిండర్లలోకి తోస్తే కారు మనిషెత్తు పైకి లేస్తుంది. రెండు పక్కలూ సమంగా లేవడానికి లోపల ఇనుప తాళ్లుంటాయి. మేం తరగతిలో పాస్కల్ సూత్రం అని చెప్పే పాఠమే ఇదంతా. అమెరికాలోని మెంఫిస్‌లో పీటర్ లునాటి అనే ఆయన 1925లో హైడ్రాలిక్ కారు లిఫ్టుకు రూపమిచ్చాడు. సెలూన్ కుర్చీ పైకి లేవడం చూసి ఆయనకు ఆ ఆలోచన తట్టిందని చెబుతారు. ఆయనది ఒంటి స్తంభం లిఫ్టు. జంట స్తంభాలు తర్వాత వచ్చాయి.

అమ్మ ఒప్పుకోలేదు. ఇల్లు, షెడ్డు ఒకే ప్రహరీలో ఉన్నాయి. మనవళ్లు రోజంతా అక్కడే తిరుగుతుంటారు. “నెత్తిమీద కారు పెట్టుకొని కాపరం చేస్తారా?” అని ఆమె ప్రశ్న. నాయన అడిగింది ఒకటే: “పైకి పోయినంక దేని మీద నిలబడుతుంది? నూనె మీదనా?” తమ్ముడు ఫోన్‌లో వీడియో పెట్టి చూపించాడు. స్తంభం లోపల మెట్లు మెట్లుగా ఇనుప పళ్లుంటాయి. బండి లేస్తున్నకొద్దీ ఒక నాలుక టక్, టక్‌మని ఒక్కో మెట్టు దాటుతుంది. కావలసిన ఎత్తుకు పోయాక కొంచెం కిందికి దించితే ఆ నాలుక మెట్టు మీద కూర్చుంటుంది. అప్పుడిక బరువంతా ఇనుము మీదే, నూనెకు సంబంధం లేదు. నాయన ఆ వీడియో మూడుసార్లు చూశాడు. అమ్మకు మాత్రం షెడ్డుకూ ఇంటికీ మధ్య తాళం వేసే గేటు పెట్టిస్తామని మాటిచ్చాకే దారి దొరికింది.

నాలుగు టన్నుల లిఫ్టు. దానికే లక్షా అరవై వేలయింది. షెడ్డు, పునాది ఖర్చు వేరే. మరదలు గొలుసు బ్యాంకుకు పోయింది. వడ్డీ పరుగెత్తుతుంటే ఇంట్లో ఎవరికి తొందర ఉండదు?

పాత షెడ్డు ఎత్తు తొమ్మిదిన్నర అడుగులు. బొలెరో ఎత్తే ఆరడుగులు దాటుతుంది. దాన్ని ఇంకో ఆరడుగులు లేపాలి. అంటే పన్నెండు అడుగుల పైమాటే. రేకులు విప్పి పద్నాలుగు అడుగులకు లేపించారు. అది సులువుగానే అయింది. అసలు కథ నేల దగ్గర మొదలైంది.

స్తంభాలను పట్టి ఉంచేది నేలలోకి దిగిన యాంకర్ బోల్టులే. మధ్యలో బండి వేలాడుతుంటే స్తంభాలు లోపలికి వంగాలని చూస్తాయి. ఆ లాగుడంతా బయటివైపు బోల్టుల మీద పడుతుంది. మా షెడ్డుది బేతంచెర్ల నాపరాళ్ల గచ్చు. ఇసుక మీద రాళ్లు పరిచి సందులు పూసిన గచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం దాని మీద పడుకుంటే ఎంత హాయో మా ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. కానీ బోల్టుకు పట్టివ్వదు. లిఫ్టు అమ్మినాయన పంపిన మనిషి వచ్చి, “గచ్చు బాగానే ఉంది, డ్రిల్ వేసి బిగించేస్తా, సాయంత్రానికి అయిపోతుంది” అన్నాడు. నాయన అతనికి టీ ఇప్పించి పంపేశాడు.

రాళ్లు లేపితే కింద నల్లరేగడి. ఈ మట్టి గుణం మా రైతులకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పత్తికి తల్లి. ఇంటి గోడలకు మాత్రం సవతి తల్లి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. మే నెలలో చేలల్లో చెయ్యి పట్టేంత బీటలు. ఒక స్తంభం కింద మట్టి తడిగా, ఇంకోదాని కింద పొడిగా ఉంటే లిఫ్టు ఒక పక్కకు వాలుతుంది. అందుకని రేగడి మొత్తం తోడించి, గరుసు పోసి, నీళ్లు చల్లి, పొర పొరకూ దిమ్మిసతో కొట్టించారు. దాని మీద కడ్డీల జల్లెడ కట్టి, రెండు స్తంభాలకూ కలిపి ఒకే పలకగా కాంక్రీటు పోశారు. లిఫ్టుతో వచ్చిన పుస్తకంలో ఎనిమిది అంగుళాల మందం చాలన్నారు. నాయన పది పోయించాడు. స్తంభాలు పలక అంచుకు దగ్గరగా రాకుండా చుట్టూ జాగా వదిలారు. అంచుకు దగ్గరైతే బోల్టు బిగించేటప్పుడే కాంక్రీటు పగులుతుంది.

ఆ తర్వాత ఇరవై ఎనిమిది రోజులు. కాంక్రీటు మరుసటి రోజుకే రాయిలా కనిపిస్తుంది, మోసపోకూడదు. వారానికి దాని బలం దాదాపు మూడింట రెండు వంతులే. తడి ఆరకుండా చూసుకుంటే నాలుగు వారాలకు లెక్కగట్టిన బలం వస్తుంది. ఇంజినీర్లు ఇరవై ఎనిమిది రోజుల లెక్క పెట్టుకున్నది అందుకే. ఏప్రిల్ నెల. మా ఊరికి తుంగభద్ర దిగువ కాలువ నీళ్లే దిక్కు. వేసవిలో కుళాయి దగ్గర బిందెలు బారులు తీరే ఊళ్లో రోజుకు రెండుసార్లు నేలకు నీళ్లు పొయ్యాలంటే అమ్మకు ప్రాణం ఒప్పేది కాదు. గోనెసంచులు పరిచి, బట్టలు జాడించిన నీళ్లు కాకుండా మంచినీళ్లే పోయించేవాడు నాయన. సబ్బు నీళ్లు పనికిరావన్నాడు.

పన్నెండో రోజుకు తమ్ముడికి ఓపిక పోయింది. పత్తికొండ మార్కెట్‌కు టమాటాలు తోలే పికప్ బండ్ల వాళ్లు నలుగురు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. ఆదివారం నేను ఎమ్మిగనూరు నుంచి వెళ్లేసరికి తండ్రీకొడుకుల మధ్య మాటలు పెరిగాయి.

“నాయనా, రాయి మాదిరి ఉంది సూడు. రేపు బోల్టులు దించుతా.”

“ఏంటికిరా తొందర? ముహూర్తం మించిపోతాందా?”

“వడ్డీ ఎవరు కడతారు?”

“ఆ పిల్లోని యమ్మకు ఎవరు ఏమి కట్టినారు?”

ఏ పిల్లోడో చెప్పాల్సిన పని లేకపోయింది. తమ్ముడు లేచి గోనెసంచుల మీద నీళ్లు పోయడానికి పోయాడు. మిగిలిన పదహారు రోజులూ ఆ పని వాడే చేశాడు.

బోల్టులు దించేటప్పుడు రంధ్రాల్లో దుమ్మంతా గాలి పంపుతో ఊదేశారు. దుమ్ముంటే బోల్టు పట్టదు. స్తంభం నిలువుగా ఉందో లేదో రసమట్టంతో నాలుగు పక్కలా చూశారు. బిగింపు కూడా చేతి అంచనా కాదు, ఎంత బిగించాలో కొలిచే టార్క్ పానాతో. కరెంటుకు ఇంటి మీటరు కుదరదు కాబట్టి షెడ్డుకు వేరే త్రీఫేజ్ కనెక్షన్ తీసుకున్నారు, కొత్తగా ఎర్త్ గుంత తీయించారు. మొదటిసారి స్విచ్ వేస్తే మోటారు గుర్రుమంది గానీ చేతులు లేవలేదు. అమ్మ వెంటనే దిష్టి అంది. ఎలక్ట్రీషియన్ వచ్చి మూడు ఫేజుల్లో రెండింటిని అటుదిటు మార్చాడు. మోటారు ఎదురు తిరుగుతోంది, అంతే. అయినా అమ్మ గుమ్మడికాయ కొట్టించింది.

మొదట ఎక్కించింది మా బంధువుల పాత బొలెరో. నాలుగు చేతులనూ ఛాసిస్ కిందికి సర్దారు. బొలెరోకు, జీపుకు ఛాసిస్ ఉంటుంది కాబట్టి తేలిక. మారుతి లాంటి కార్లకు విడిగా ఛాసిస్ ఉండదు. తలుపుల కింది అంచులో కంపెనీ గుర్తు పెట్టిన నాలుగు చోట్లే రబ్బరు ప్యాడ్లు ఆనాలి. ఇంకెక్కడ పెట్టినా రేకు నలుగుతుంది, బండి జారుతుంది. టైర్లు నేలనుంచి బెత్తెడు లేవగానే ఆపేసి, బంపరు పట్టుకుని గట్టిగా ఊపి చూశాడు తమ్ముడు. కదలాల్సిందేదో అక్కడే కదలాలి గానీ తల మీదికి పోయాక కాదు. తర్వాత పైకి. రెండు వైపులా లాకు కూర్చుందో లేదో చప్పుడు విని, కంటితో కూడా చూసి, అప్పుడు నాయనను రమ్మన్నాడు.

నాయన కిందికి నడిచి వెళ్లాడు. నిలబడే. తల పైకెత్తి అటూ ఇటూ చాలాసేపు చూశాడు. అన్నేళ్లు టార్చి వెలుగులో జానెడు జానెడు చూసిన దాన్ని ఒక్కసారిగా మొత్తం చూడటం అదే మొదలు. “సైలెన్సరు పైపు ఇట్ల తిరిగి పోతాదా!” అన్నాడు. అంతకు మించి మెచ్చుకోలేదు.

షెడ్డులో ఇప్పుడు కొన్ని కట్టుబాట్లున్నాయి. బండి కదులుతున్నప్పుడు కింద ఎవరూ ఉండకూడదు. బండిలో మనిషే కాదు, సరుకు కూడా ఉండకూడదు. గేరుబాక్సో, వెనక యాక్సిలో దించేముందు రెండో చివర పొడుగాటి స్టాండు పెట్టాల్సిందే. ఒక పక్క బరువు తీసేస్తే తక్కెడలా ఇంకో పక్క మొగ్గుతుంది. ఎప్పుడైనా బండి జారుతోందనిపిస్తే పట్టుకోవాలని చూడకుండా బయటికి పరుగెత్తాలి. ఇది పిల్లలకు నేర్పడం అన్నింటికంటే కష్టమట. చేతులు వాటంతటవే ముందుకు పోతాయి.

వీటన్నిటికీ అసలు పరీక్ష ఒక సాయంత్రం వచ్చింది. మరదలి మేనమామ మంత్రాలయంలో పెండ్లికి పోతూ బ్రేకులు చూపించుకుందామని ఆగాడు. కారు పైన ఉండగా గాలివాన వచ్చి కరెంటు పోయింది. లాకు మీద కూర్చున్న బండిని దించాలంటే ముందు కాస్త పైకి లేపాలి, అప్పుడే లాకు వదులుతుంది. మా లిఫ్టు లేవాలంటే కరెంటు కావాలి. గంట గడిచింది. పట్టుచీరల్లో ఆడవాళ్లు మా ఇంట్లో కూర్చున్నారు. మామకు కోపమొచ్చింది. పక్కనున్న ఒకాయన, చేతుల కింద రెండు జాకీలు పెట్టి లేపి, లాకు లాగేసి, నిదానంగా దించుదామన్నాడు. అందరూ నాయన వైపు చూశారు. నాయన తమ్ముడి వైపు చూశాడు.

“వద్దు మామా” అన్నాడు తమ్ముడు. “కారు పైన సల్లగా ఉంది. మీరు ఆటోలో బస్టాండుకు పోండి. కరెంటొస్తే నేనే తోలుకొస్తా.”

మామ మొహం ముడుచుకునే వెళ్లాడు. కరెంటు రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చింది. తమ్ముడు టార్చి వేసి కింద ఏ పానా, ఏ డబ్బా లేదని చూసుకుని, బండిని బెత్తెడు లేపి, రెండు లాకులూ వదిలి, దించాడు. అప్పటికప్పుడు మంత్రాలయం బయలుదేరి, కారు అప్పజెప్పి, తెల్లవారుజాము ముహూర్తానికి అక్షింతలు వేసి, పొద్దున మొదటి బస్సుకు తిరిగొచ్చాడు. మామ వాడి చేతికి బ్రేకుల డబ్బులతోపాటు లడ్డూల పొట్లం ఇచ్చి పంపాడు.