గూబ దగ్గర కెమెరానా?

పొద్దున్నే మేనల్లుడి ఫోన్. "మావయ్యా, పాత నాపరాయి క్వారీలో గూబ గుడ్లు పెట్టింది. కెమెరా పెడదామా?"
(గురజాల వైపు. ఊరు మాత్రం చెప్పను.)

విదేశాల గూబ గూళ్ల లైవ్ వీడియోలు చూశాడులెండి.
అక్కడ చాలావరకు చెక్కపెట్టె గూళ్లు. గూబ రాకముందే కెమెరా బిగించేస్తారు.
మన కొండగూబ గూడే కట్టదు. రాతి అంచు మీద, వట్టి నేలనే గుడ్లు. ఇప్పుడెళ్లి మేకులు కొడితే తల్లి ఎగిరిపోతుంది. ఈ ఎండకి గుడ్లు ఆగుతాయా?

పైగా ట్రాప్ కెమెరా కదిలే వేడిని పసిగట్టి పనిచేస్తుంది. పొద్దుగూకినా మా పల్నాడు బండ చల్లారదు. రాయి వేడీ పక్షి ఒంటి వేడీ ఒకటైతే దానికేం తెలుస్తుంది? కొన్నిటి ఇన్‌ఫ్రారెడ్ లైటు చీకట్లో సన్నగా ఎర్రగా కనిపిస్తుంది కూడా. దారిన పోయేవాడు ఆగి చూడడూ?

నా అసలు భయం అదే. క్షుద్రపూజలకని గూబల్ని పట్టి అమ్ముతున్నారని వన్యప్రాణుల వ్యాపారంపై నిఘా పెట్టే ట్రాఫిక్ ఇండియా సంస్థ 2010లోనే నివేదిక ఇచ్చింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండగానే!

దూరం నుంచి బైనాక్యులర్‌తో చూడరా అన్నా. అలిగాడు.

చేలో ఎలుకల్ని తినే పక్షిని మీ ఊళ్లో ఇంకా అరిష్టమనే అంటున్నారా?