పదిహేనంకెల పేరు

మనుషులకి నంబర్లు వచ్చి చాలాకాలమైంది. రేషను కార్డుకో నంబరు, గ్యాసు బండకో నంబరు, ఆధారుకి 12 అంకెలు. మా పుట్టింటివారి ఊళ్లో ఆవుల చెవులకి కూడా పసుపుపచ్చ బిళ్లలు వేలాడుతున్నాయి. వాటిమీదా 12 అంకెలే! పశువుల డాక్టరుగారు అడగడమే తరువాయి, మా వదిన తన పెళ్లి ముహూర్తం చెప్పినట్టు గడగడా ఒప్పజెప్పేస్తుంది.

ఇప్పుడు కుక్కల వంతు. వాటికి ఏకంగా 15 అంకెలు. "చూశావా, మనకంటే మూడు ఎక్కువ!" అన్నారు మావారు, అదేదో ప్రమోషను తనకే తప్పిపోయినట్టు.

మా సీజరుగాడికి చిప్ వేయించాలన్న మాట మొదలైంది పక్కవీధి మాస్టారుగారి బ్రౌనీ మూలంగా. మాస్టారుగారు రిటైరై పదేళ్లయింది. భార్య పోయాక ఆ ఇంట్లో ఆయనా, బ్రౌనీ, అంతే. పోయిన దీపావళినాడు ఎవరో కుర్రాళ్లు బాంబు పేల్చారు. మన చెవులే గింగురుమన్నాయంటే కుక్క చెవుల సంగతి చెప్పాలా? మెడపట్టీ తెంపుకుని, గోడ దూకి, చీకట్లో పడిపోయింది.

రెండు కాలనీల అవతల ఒకావిడ దాన్ని చేరదీసి అన్నం పెట్టిందట. మంచి ఇల్లాలు, ఊరుకోలేదు. పశువుల డాక్టరు దగ్గరకి తీసుకెళ్లింది. ఆయన రీడరు పెట్టి చూస్తే అంకెలు వచ్చాయి. ఆ అంకెల ఎదుట రాసివున్న ఫోన్ నంబరుకి చేస్తే, వాడుకలో లేదని జవాబు. అది మాస్టారి భార్య నంబరు. ఆవిడ పోయాక ఆ సిమ్ముకి డబ్బు కట్టినవాళ్లెవరు?

పదకొండు రోజులు ఆయన పొద్దున్నా సాయంత్రం వీధులు తిరిగారు. మనిషి సగమైపోయాడు. చివరికి రెండు కాలనీలకీ పాలు పోసే అబ్బాయి బ్రౌనీని గుర్తుపట్టి, సైకిలు వెనక్కి తిప్పుకుని వచ్చి చెప్పాడు.

"చిప్ ఉంటే ఫోన్లో చూసి కుక్క ఎక్కడుందో చెప్పెయ్యొచ్చు కదోయ్?" అని మావారి సందేహం. డాక్టరమ్మగారు విడమరిచి చెప్పింది. అది బియ్యపుగింజంత గాజుగొట్టం, ఓ 12 మిల్లీమీటర్ల పొడవు. లావుపాటి సూదితో భుజాల మధ్య చర్మం కింద పెడతారు. దానికి బ్యాటరీ లేదు. రీడరు దగ్గరకొచ్చినప్పుడే నిద్రలేచి తన అంకెలు చెప్పి మళ్లీ పడుకుంటుంది. నేనెవర్నో చెబుతుందే కాని, నేనెక్కడున్నానో చెప్పదు.

ఎక్కడుందో చెప్పేది జీపీఎస్ పట్టీ. అది ఉపగ్రహాల సంకేతాలు విని తన చోటు తెలుసుకుంటుంది, సిమ్ము ద్వారా మనకి కబురంపుతుంది. ఫోనులాగే దాన్నీ ఛార్జింగు పెడుతుండాలి. 2021లో వచ్చిన ఎయిర్‌ట్యాగ్ బిళ్ల సంగతి వేరు. దారినపోయే ఐఫోన్లు దాని ఉనికి పసిగట్టి చెప్పాలి. సంతలో పనికొస్తుంది, పొలంగట్టున పనికిరాదు. అది వస్తువులకే కాని జంతువులకి కాదని చేసినవాళ్లే అన్నారు.

మా ఆడపడుచు కూతురు తన కుక్కని అమెరికా తీసుకెళ్తానని కూచుంది. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడ దిగే ప్రతి కుక్కకీ చిప్ ఉండాలన్నారు. మన దేశం నుంచి వెళ్లేవాటికైతే ముందు చిప్, తరవాతే రేబిస్ టీకా. ఇంగ్లండులో 2016 నుంచి కుక్కలకీ, 2024 నుంచి పిల్లులకీ తప్పనిసరి చేశారు.

మా చిన్నతనంలో ఇవేవీ లేవు. చీకటిపడే వేళ మెడగంట చప్పుడు విని "అదుగో మన గౌరి" అనేది అమ్మమ్మ. ఏ ఆవైనా దారితప్పి ఒకరి చేలో పడితే బందెలదొడ్డికి తోలేవారు. తాతయ్య జరిమానా కట్టి తెచ్చుకునేవాడు. ఊరంతటికీ ఎవరి ఆవేదో తెలుసు. ఊరి జ్ఞాపకమే అప్పటి రీడరు. కాలనీల్లో ఆ జ్ఞాపకం పాలబ్బాయి దగ్గర మాత్రం కాస్త మిగిలినట్టుంది.

సీజరుకి చిప్ వేయించాం. సూది గుచ్చితే వాడు కుయ్యిమనలేదు, మావారే కళ్లు మూసుకున్నారు. మెడపట్టీకి ఇత్తడిబిళ్ల చేయించి ఫోన్ నంబరు చెక్కించాం. బిళ్ల చదవడానికి డాక్టరూ అక్కర్లేదు, రీడరూ అక్కర్లేదు కదా!

చిప్ కాగితం నింపేటప్పుడు, "నా నంబరు రాయి చాలు" అన్నారు మావారు. ఆయనకిప్పుడు డెబ్భై రెండు, నాకు అరవై ఏడు. నేనేమీ అనకుండా ఆయనదీ, నాదీ, ఆ కింద మా అబ్బాయిదీ రాశాను. ఆయన కళ్లజోడు సవరించుకుని మూడు నంబర్లూ చదివారు. ఏమీ అడగలేదు, సంతకం పెట్టేశారు.

మాస్టారుగారు కూడా తన కాగితం మార్పించుకున్నారట. మొదట తన నంబరు, రెండోది పాలబ్బాయిది. మీ ఇంట్లోనూ కుక్కో పిల్లో ఉంటే, ఈసారి ప్రమిదలు కడిగే రోజున ఆ నంబరు పలుకుతోందో లేదో ఒకసారి చేసి చూడండి.