మెట్టు ఎవరిది?

మన ఊళ్లలో ఇంటి హోదాను మెట్లు లెక్కపెట్టి తెలుసుకుంటారు. మూడు మెట్ల ఇల్లయితే కలిగినవారిదని, అయిదు మెట్ల ఇల్లయితే మరీ కలిగినవారిదని ఒక లెక్క. వీధికన్న మన ఇల్లు ఎత్తుగా ఉండాలి. పొరుగింటికన్న ఒక్క అంగుళమైనా ఎత్తుగా ఉండాలి. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు లెండి. వానాకాలంలో వీధినీళ్లు నట్టింట్లోకి రాకూడదంటే పునాది ఎత్తు లేపుకోవలసిందే. అయితే ఆ మెట్లు ఎవరి జాగాలో కడుతున్నాం, వాటిని ఎవరు ఎక్కగలరు అనే రెండు ప్రశ్నలు మామూలుగా ఎవరికీ తట్టవు. మా కొట్టు పడగొట్టి తిరిగి కట్టవలసి వచ్చినప్పుడు ఆ రెండు ప్రశ్నలూ వచ్చి తిన్నగా ప్లాను కాగితం మీద కూర్చున్నాయి.

మా కొట్టు విజయవాడ వన్‌టౌన్‌లో ఉంది. కనకదుర్గమ్మ కొండకూ రైల్వే స్టేషనుకూ మధ్య అల్లుకున్న ఇరుకు వీధుల్లో అదొకటి. ఇరవైనాలుగు అడుగుల ముఖం, అరవై అడుగుల లోతు. తాతగారు అక్కడ ఇత్తడి సామాన్ల వ్యాపారం పెట్టారు. కొట్టు ముందు సొంత జాగాలోనే నాలుగడుగుల అరుగు వేయించి, పైన పెంకుల చూరు దింపించారు. సంతకు వచ్చిన పల్లెటూరివాళ్లు ఆ అరుగు మీద సద్దిమూటలు విప్పుకునేవారు. మధ్యాహ్నం వేళ తలగుడ్డ తలకింద పెట్టుకుని ఒక కునుకు తీసేవారు. వాళ్లందరూ మా దగ్గర బిందెలు కొన్నారని కాదు. "అరుగు మనది, నీడ వీధిది" అనేవారట తాతగారు.

నాన్నగారి రోజుల్లో వ్యాపారం పెరిగింది. అరుగును కొట్టులో కలిపేసి షట్టరు బిగించారు. ఇక మెట్లకు జాగా లేకపోయింది. వాటిని మురుగుకాలవ మీదుగా వీధిలోకి దించారు. వీధిలో అందరూ చేసినదే అది. ఆ తరువాత రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీద కొత్త పొర పడుతూ వచ్చింది. పాత పొర గీకి తీసిన తరువాత కొత్తది వేస్తే ఎత్తు పెరగదని ఇంజనీర్లందరికీ తెలుసు. అయినా మన దేశంలో రోడ్లు పెరుగుతూనే ఉంటాయి. రోడ్డు పెరిగితే మన గడప పల్లమవుతుంది. పల్లమైందని కొత్తగా కట్టేవాడు మరో రెండడుగులు లేపుతాడు. అందుకు మరో మూడు మెట్లు. ఆ మూడూ మళ్లీ వీధిలోకే!

స్కూటరు ఎక్కించడానికి వేసుకునే సిమెంటు వాలు సంగతి చెప్పనే అక్కర్లేదు. రెండడుగుల ఎత్తుకు మూడడుగుల పొడవు. దాన్ని అందరూ ర్యాంపు అంటారు. నన్నడిగితే అది పిల్లల పార్కులో ఉండవలసిన జారుడుబల్ల. ఇంటికొకటి చొప్పున ఇవన్నీ వరసగా ఉంటే వీధివారన నడిచేవాడికి కాలిబాట ఎక్కడ మిగులుతుంది చెప్పండి? ఎక్కుతూ దిగుతూ పోలేక నడిరోడ్డున బస్సుల మధ్య నడుస్తాడు.

కొట్టులో మేము ముగ్గురం వాటాదారులం. నేను, మా తమ్ముడు, మా అక్కయ్య. నాన్నగారు ముగ్గురికీ సమానంగా వ్రాసి వెళ్లారు. అక్కయ్యకు 1955లో, మూడో ఏట, పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. అప్పటికి మన ఊళ్లలో చుక్కలమందు లేదు. చంకకర్రతోనే చదువుకుంది. ఆడపిల్లల బడిలో తెలుగు పంతులమ్మగా పనిచేసి, 2010లో పెన్షను పుచ్చుకుంది. ఇప్పుడు చక్రాల కుర్చీ వాడుతోంది. మన దేశంలో పోలియో లేదని 2014 మార్చి 27న ధ్రువపరచారు. ఎంతో సంతోషించవలసిన మాట. కాని పోలియో పోయినా, పోలియో వచ్చిన మనుషులు మన మధ్యనే ఉన్నారు కదా!

చిన్నప్పుడు నాన్నగారు అక్కయ్యను భుజాన వేసుకుని కొట్టుకు తీసుకువెళ్లేవారు. పదేళ్లు దాటాక ఆమె ఎత్తించుకోవడం మానేసింది. రిక్షా వీధిలో ఆగేది. నాన్నగారే మెట్లు దిగి వచ్చి మాట్లాడి వెళ్లేవారు. అలా అరవై ఏళ్లపాటు తన వాటా కొట్టును ఆమె రోడ్డు మీదినుంచే చూసింది.

గోడలు నెర్రెలు విచ్చాయి. పైకప్పు పెచ్చులూడి ఒకనాడు అద్దెకున్నవాళ్ల బల్లమీద పడింది. ఇక లాభం లేదని, 2024 డిసెంబరులో తమ్ముడు ఒక ప్లాను గీయించుకుని వచ్చాడు. కింద ఒక పెద్ద దుకాణం, పైన రెండంతస్తులు ఆఫీసులకు. లిఫ్టు కూడా ఉంది. పునాది రోడ్డుకన్న మూడడుగుల ఎత్తు. లిఫ్టు దగ్గరకు వెళ్లాలంటే ఆరు మెట్లెక్కాలి! ముందు వదలవలసిన జాగాలో ఒక పళ్లరసాల బంకు పెట్టించి అద్దె రాబట్టవచ్చునని వాడి ఆలోచన.

సంతకం కోసం కాగితం అక్కయ్య ముందుకు జరిపాం. ఆమె కళ్లజోడు పెట్టుకుని ప్లానంతా చూసింది. కలం మాత్రం తీసుకోలేదు.

"నా పేరున ఉన్న కొట్టులోకి నేను వెళ్లలేనప్పుడు నా సంతకం మాత్రం ఎందుకురా వెళ్లడం?" అంది.

"అదేమిటక్కయ్యా! కుర్రాళ్లు ఇద్దరుంటారు. పువ్వులా ఎత్తి లోపల దించుతారు" అన్నాడు తమ్ముడు.

"ఎత్తితే పువ్వుకు తెలియదు. మనిషికి తెలుస్తుంది."

తమ్ముడిది దుర్మార్గపు ఆలోచనేమీ కాదు. వాడికి వరద భయం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఎన్నో ఇళ్ల కింది అంతస్తులు నీట మునగడం కళ్లారా చూసినవాడు. "రేపు నీళ్లొస్తే సరుకంతా ఎవరు ఎత్తుతారు?" అన్నాడు. ఆ ప్రశ్నలో న్యాయముంది. అందుకే ఇద్దరినీ తీసుకుని ఇంజనీరు దగ్గరకు వెళ్లాను. కుర్రవాడే గాని విషయం తెలిసినవాడు. ముందు చట్టం చెప్పాడు, తరువాత లెక్క చెప్పాడు.

చట్టం ఇది. 1995లో చేసిన పాత చట్టంలో, ఆర్థిక స్తోమతకు లోబడి సదుపాయాలు చెయ్యాలని ఉండేది. ఆ మాట ఉన్నాక ఎవరి స్తోమత ఎప్పటికి చాలుతుంది? దాని స్థానంలో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో పార్లమెంటు ఆమోదం పొంది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. అందులో 44వ సెక్షను ప్రకారం నియమాలకు ఒదగని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదు. ఒదగకుండా కట్టిన కట్టడానికి పూర్తయినట్టు సర్టిఫికెట్టు ఇవ్వకూడదు, అందులో కాపురం పెట్టనివ్వకూడదు. ప్రైవేటు సంస్థలకు కూడా ఇదే వర్తిస్తుంది. అయితే ఆ చట్టం కింద చేసిన 15వ నియమం కొలతలన్నిటినీ మార్గదర్శకాలుగా వదిలేసింది. పాటిస్తే మంచిది అన్నట్టుగా! చూపులేని ఒక పౌరుడు ఎన్నో ఏళ్ల క్రితం వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న ఆ పద్ధతి చట్టానికే విరుద్ధమని తీర్పు చెప్పింది. తప్పనిసరి కొలతలు ఏవో వేరుచేసి నియమాలు చెయ్యమని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది.

ఇక లెక్క. చక్రాల కుర్చీ ఎక్కే వాలు ఒకటికి పన్నెండుకన్న నిటారుగా ఉండకూడదు. అంటే అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవన్నమాట. తమ్ముడి మూడడుగుల పునాదికి ముప్ఫైయారడుగులు కావాలి. మా కొట్టు ముఖమే ఇరవైనాలుగడుగులు! మిగతా పన్నెండడుగులు పొరుగువాడి ముందు పడతాయి.

"ఇంకేముంది? మన వీధికి ఈ చట్టం కుదరదు" అన్నాడు తమ్ముడు, కొంచెం సంతోషంగానే.

"మీరు రోడ్డునుంచి కొలుస్తున్నారు. కాలిబాటనుంచి కొలవండి" అన్నాడు ఇంజనీరు.

అక్కడే ముడి విడిపోయింది. మా ప్లానులో రోడ్డు వెడల్పు కోసం ఆరడుగుల పట్టీ వదలవలసి ఉంది. అందుకు బదులుగా అభివృద్ధి హక్కుల బాండు తీసుకోవచ్చు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ప్రకటించిన కొలతల ప్రకారం కాలిబాటకు అడ్డంకి లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లుండాలి. అంటే దాదాపు ఆ ఆరడుగులే. అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. అంటే అరడుగు. కొట్టు నేల రోడ్డుకన్న అడుగున్నర ఎత్తున ఉంటే, కాలిబాటకన్న అడుగే ఎత్తు. దానికి పన్నెండడుగుల వాలు చాలు. కాలిబాటను సక్రమంగా ఉంచితే సగం మెట్లు అదే ఎక్కించేస్తుంది!

కాలిబాట తరువాత, కట్టడం ముందు మేము వదలవలసిన జాగా ఏడడుగులు. అందులో వీధి వెంబడి నాలుగడుగుల వెడల్పున వాలు. కుర్చీ తిప్పుకోవడానికి కింద అయిదడుగులు, పైన అయిదడుగులు చదును. మొత్తం ఇరవైరెండడుగులు. మిగిలిన మూడడుగులలో నడిచేవారికి రెండు మెట్లు. రెండు వైపులా చేతికమ్మీ. ఒక్క అంగుళం కూడా వీధిలోకి పోదు.

"వరదో?" అన్నాడు తమ్ముడు.

గోదాము మొదటి అంతస్తుకు వెళుతుంది. కరెంటు మీటర్లూ స్విచ్చి పెట్టెలూ తల ఎత్తున బిగిస్తారు. ద్వారానికి రెండు పక్కలా గాడి పెట్టి, నీళ్లొచ్చినప్పుడు పలక దించుకునే వీలు చేస్తారు. చిన్నవానకు అడుగున్నర చాలు. బుడమేరంతటిది వస్తే మూడడుగులూ చాలవు. ఆ మాట తమ్ముడే ఒప్పుకున్నాడు. వాడికి మింగుడు పడనిదల్లా బంకు అద్దె. నెలనెలా వచ్చే డబ్బు, వన్‌టౌన్‌లో వీధిముఖం జాగా! అది ఊరికే పోదు మరి. ముగ్గురి వాటాలోనూ పోయింది.

వాడు దిగులుగా కూర్చుంటే అక్కయ్యే అంది: "నా ఒక్కదాని కోసమని బాధపడకురా. నాకు డెబ్బై రెండేళ్లు. నేనెన్నిసార్లు వస్తాను? కాని నీ మోకాళ్లు నీకెన్నేళ్లు పూచీపడ్డాయి?"

తమ్ముడు మాట్లాడలేదు. ఆర్నెల్ల కిందటే మా మరదలికి రెండు మోకాళ్లకూ ఆపరేషను జరిగింది. డాక్టరు దగ్గర మెట్లెక్కలేక ఆమె ఆటోలోనే కూర్చుంటే, నర్సు కిందికి వచ్చి కట్టు విప్పి చూసి వెళ్లింది. ఆ రాత్రి వాడే ప్లాను మార్పించాడు.

2025లో పునాది పడింది. ఆ మే నెలలోనే సుప్రీంకోర్టు మరో వ్యాజ్యంలో, అడ్డంకులు లేని కాలిబాట మీద నడవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం రక్షించే హక్కేనని చెప్పింది. పేపరులో ఆ వార్త చదివి మా మేస్త్రీ "అయితే మనం ముందే కట్టేశాం కదండీ!" అని మురిసిపోయాడు. వాలు పోసిన రోజునుంచి దాన్ని ఎక్కువగా వాడుకున్నది కూడా అతని మనుషులే. సిమెంటు బస్తాల తోపుడుబండి, టైల్సు పెట్టెలు, ఇనుప బీరువా అన్నీ దాని మీదుగానే వెళ్లాయి. చంకన బిడ్డతో టీ తెచ్చే అమ్మాయి రెండు మెట్లు పక్కనే ఉన్నా వాలు మీదే నడుస్తుంది.

కమ్మీలు బిగించాక అక్కయ్యను తీసుకువచ్చాం. కుర్చీ తోయబోతే వద్దంది. కమ్మీ పట్టుకుని తనే మెల్లిగా నెట్టుకుంటూ పైకి వచ్చింది. లోపల ఒక చుట్టు తిరిగింది. కంటనీరు పెట్టుకుంటుందేమోనని మేమిద్దరం మొహాలు పక్కకు తిప్పుకున్నాం. ఆమె మాత్రం వెనక గోడదాకా వెళ్లి, తిరిగి వచ్చి, "పాత అద్దెల ఖాతా పుస్తకం ఏదిరా? ఇరవై ఏళ్లుగా మీరు చెప్పిందే వింటున్నాను, ఒకసారి చూస్తాను" అంది. తమ్ముడు పుస్తకం తేవడానికి పరుగెత్తాడు.

ఇప్పుడు వీధి పరిస్థితి కొంచెం తమాషాగా ఉంది. ఇటు పొరుగువాళ్ల మెట్లు, అటు పొరుగువాళ్ల జారుడుబల్ల; మధ్యలో ఇరవైనాలుగడుగుల నున్నటి కాలిబాట. దారిన పోయేవాళ్లు రోడ్డుమీదినుంచి ఎక్కి, ఇరవైనాలుగడుగులు హాయిగా నడిచి, మళ్లీ రోడ్డుమీదికి దిగుతున్నారు. "ఈ మాత్రానికేనా అంత జాగా పోగొట్టుకున్నారు?" అని అడిగిన పెద్దమనుషులు చాలామందే ఉన్నారు.

ఎదురు వరసలో ఒక పాత మేడ ఉంది. దాని గోడలూ నెర్రెలిచ్చాయి. ఆ ఆసామి మొన్న ఆదివారం, వీధిలో ఎవరూ లేనప్పుడు, టేపు పట్టుకొచ్చి మా వాలు పొడవూ వెడల్పూ కొలుచుకుని వెళ్లాడు. ఎందుకని మేమూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.