మండువల మాట వినబడాలె

ఈరోజు పంట ముచ్చట కాదు, మండువ ముచ్చట. కొంచెం పొడుగున్నది, తీరిక చూసుకొని చదవండి. తాగుమని చెప్పెటందుకు రాస్తలేను. కల్లు ముట్టనోళ్లకు గూడ ఇండ్ల పనికొచ్చే సంగతి ఉన్నది.

మాది జనగామ దిక్కు ఊరు. చెరువు కట్ట కింద తాటివనం, ఆ వనంలనే మా మండువ. చలికాలంల ఈత కల్లు, ఎండలు ముదిరితే తాటి కల్లు. చాపలు లేవు, కుర్చీలు లేవు. రెండు బండలు, పడిపోయిన తాటి మొద్దు, కింద ఇసుక. పక్కన బబ్బెర గుడాలు, కాల్చిన కోడికూర. పొద్దూకితే చేన్లకెల్లి వచ్చే దారిల అందరం అక్కడ ఒక గంట ఆగెటోళ్లం. ఒక్క లొట్టి నలుగురం పంచుకుంటే ఆ గంట గడిచేది.

ఆ గంటల ఏం జరిగేదో మనకందరికీ ఎరుకే. "మా పత్తిల గుడ్డిపూలు కనబడుతున్నయ్ బావా" అని ఒకడు అంటే, తెల్లారి పది మంది చేన్లకు పోయి పూలు విప్పి గులాబి పురుగు ఉన్నదో లేదో చూసుకునేది. ఎవరి బోరు గుంజుతలేదు, ఎవరి మోటరు కాలింది, మెకానిక్ ఎంత తీసుకున్నడు, యూరియా ఏ ఊరికి వచ్చింది, కోత మిషన్ ఎటు దిక్కు తిరుగుతుంది, అన్నీ అక్కడనే తెలిసేది. నాట్లకు బదులు పోవుడు గూడ అక్కడనే ఖాయమయ్యేది. పైసలు కావాల్సినోడు సుత అందరి ముంగట అడగడు. రెండు గుక్కలు తాగి, పక్కనోని దిక్కు వంగి, మెల్లగ అడుగుతడు. ఆ మెల్లగ అడిగే మాటకు జాగ ఉండేది.

నిరుడు దసరా నుంచి మండువల పెద్ద బాక్సులు రెండు పెట్టిర్రు. రోడ్డు పక్కన పాక వేసి చికెన్ అమ్మే పిల్లగాడు తెచ్చిండు. ఆయన లెక్క ఆయనకు ఉన్నది. ఆదివారాలు టౌన్ కెల్లి బైకుల మీద పోరగాండ్లు వస్తుర్రు, పాట ఉంటే ఆగుతుర్రు, లేకుంటే ముందటి ఊరికి పోతుర్రు. నాలుగు పైసలు వచ్చే దారి చూసుకున్నడు, దాన్ని నేను తప్పు పట్ట. కని ఆదివారం పెట్టిన బాక్సు సోమవారం గూడ మోగుతుంది, మంగళవారం గూడ మోగుతుంది. బాస్ కొడితే చేతుల ఉన్న గిలాసల కల్లు వణుకుతుంది.

నేను పాటంటే పడనోణ్ణి కాదు. మా మండువల మొదటి నుంచి పాట ఉన్నది. ఒక ముసలాయన ఖాళీ లొట్టి మీద దరువేసి పాడేది, ఒగ్గు కథల ముక్కలు చెప్పేది. తేడా ఒక్కటే. ఎవరన్న మాట్లాడుతుంటే ఆయన ఆగేది. మనిషి పాడే పాటకు ఎదుటోని మొఖం కనబడుతది. బాక్సుకు కనబడదు.

ఒక లెక్క చెప్త. ఫ్రాన్స్ దేశంల బార్లల్ల చేసిన ఒక అధ్యయనం 2008ల అచ్చయింది. పాట సౌండు 72 డెసిబెల్స్ ఉన్నప్పుడు కుర్రోళ్లు ఒక గ్లాసు బీరు తాగనీకి సుమారు 14 నిమిషాలు పట్టిందట. 88కి పెంచితే సుమారు 11 నిమిషాలల్లనే అయిపోయిందట. ఎక్కువ గ్లాసులు గూడ తాగిర్రట. మాట్లాడ వీలుకాకపోతే చెయ్యి గ్లాసు మీదికే పోతది, ఇంకేం చేస్తడు? మా గౌడన్న ఏ పరిశోధన చదవలే, అదే మాట ఇంకోతీరుగ చెప్పిండు: "లొట్టి జల్ది ఒడుస్తుంది, మనుషులు గూడ జల్దే లేస్తుర్రు." పాతోళ్లు కొందరు సీసల పోయించుకొని ఇంటికే పట్టుకపోతుర్రు. ఇంట్ల ఒక్కడే కూసోని తాగుడు మంచిగుంటదా, ఇంట్ల ఆడోళ్లను అడగండి.

ఇప్పుడు అసలు సంగతి. మా ఊర్ల ఒక కౌలు రైతు, వరుసకు నాకు తమ్ముడయితడు. మొన్న వానకాలంల పత్తికి పెట్టుబడి సరిపోలే. ఎడ్లు అమ్ముదామని మనసుల ఉన్నది. రెండు రోజులు మండువకు వచ్చిండు, ఎవరికన్న చెప్పి ఊర్లనే ఇద్దామని. రెండో రోజు నా పక్కకు వచ్చి ఏదో అన్నడు. "ఏందిరా?" అని అరిచిన. మళ్లీ అన్నడు. బాక్సు మోతల నాకు పెదవులే కనబడ్డయ్. చెయ్యి ఊపి "ఏం లేదు తియ్యి" అన్నట్టు లేచి పోయిండు. ఎడ్లు అమ్ముకునే మాట ఎవడన్న అరిచి చెప్తడా?

ఆ వారమే అంగడిల బేరగానికి ఇచ్చేసిండు, 10 వేలు తక్కువకు. నేను అదే నెలల గుంటుక కొట్టనీకి ఎడ్ల కోసం మూడు ఊర్లు తిరుగుతున్న. అమ్మేటోడు, కొనేటోడు ఒక్క బండ మీద కూసున్నం. ఇద్దరి నడుమ మూరెడు జాగ. ఎడ్లు ఊరు దాటి పోయినయ్. పది వేలు పోతే మళ్లీ సంపాయిస్తడు. రేపు ఇంతకంటే పెద్ద కష్టం వచ్చి ఎవడన్న మెల్లగ చెప్పుకుందామని వస్తే, అప్పుడు గూడ వినబడకపోతే ఎట్ల? మన దిక్కు అప్పులల్ల ఎవరెవరు ఎట్ల పోయిర్రో నేను రాయాల్సిన పని లేదు.

ఇంకోటి. చెట్టు మీద గౌడన్న ఉంటడు. 2024ల సర్కారు కాటమయ్య రక్షణ కవచం అని గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇచ్చుడు మొదలువెట్టింది, మంచిదే. కని మోకు జారి పైన మనిషి కేకేస్తే కింద ఉన్నోనికి వినబడాలె గద.

కాయిదా గూడ ఉన్నది. 2000 సంవత్సరం శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇండ్లున్న జాగల పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. బయట లౌడ్ స్పీకర్ పెట్టాలంటే రాతపూర్వకంగా పర్మిషన్ కావాలె. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట మోగించుడే వద్దు. కని ఊర్ల పిల్లగాని మీదికి పోలీసులను తెచ్చుడు నాకు ఇష్టం లేదు. రేపు మళ్లీ మొఖం మొఖం చూసుకోవాలె.

అందుకే మేం ఆరుగురం ఒకనాడు పొద్దున్నే, కల్లు దించే యాళ్లకు పోయినం. పాట మోగనప్పుడు పోతేనే మాట నడుస్తది. ఆ పిల్లగానికి మూడు సంగతులు చెప్పినం. ఆదివారం పగటీలి నీ ఇష్టం. మిగతా దినాలు సాయంత్రం 5 నుంచి 7 దాకా బంద్. బాక్సు చెట్ల కింద కాదు, నీ పాక కాడ పెట్టుకో. బదులుగ మేం సీసలు ఇంటికి తీసుకపోము, ఇక్కడనే కూసుంటం, కూర నీ దగ్గరనే కొంటం.

మొదటి వారం నడిచింది. రెండో వారం మళ్లీ పెట్టిండు, మళ్లీ పోయినం. ఇప్పుడయితే వారంల నాలుగు దినాలు నిమ్మళంగ ఉంటుంది. ఇంటికి పోయినోళ్లు ముగ్గురు మళ్లీ వస్తుర్రు. మొన్న బుధవారం మక్కకు కత్తెర పురుగు మందు ఏది కొట్టాలె అని రాత్రి దాకా పంచాయితి నడిచింది, ఒక్కటి గూడ తేలలే. అయినా మంచిగనిపించింది.

మీ ఊర్ల మండువ కావొచ్చు, చాయ్ హోటల్ కావొచ్చు, రచ్చబండ కావొచ్చు. బాక్సు మోగుతుంటే అలవాటైంది తియ్యి అని ఊకోకండి. నలుగురు కలిసి పోండి, గరం కాకండి, ఆయన గిరాకీ గూడ ఆలోచించి మాట్లాడండి. పక్కన కూసున్నోడు ఏమన్న చెప్పబోయి ఊకున్నడా, అది కొంచెం చూసుకోండి.