దస్తార్ గుర్తు గల విమానం

ఈ సంచికకు సాహిత్య వ్యాసమొకటి వ్రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు కోరారు. తెలుగు ఉపన్యాసకుని నుండి ప్రబంధాలను గూర్చియో, భావకవిత్వాన్ని గూర్చియో నాలుగు మాటలు ఆశించడం న్యాయమే. కాని గడచిన మూడేండ్లుగా నా సెలవు దినాలను, జీతంలో కొంత భాగాన్ని కూడ హరించినది రేడియోతో ఎగిరే ఒక నమూనా యుద్ధవిమానం. వ్రాయవలసి వస్తే దానిని గూర్చియే వ్రాయాలి. పాఠకులు మన్నింతురు గాక!

ఈ వ్యసనాన్ని నాకంటించినవారు భౌతికశాస్త్రం బోధించే సహోద్యోగి. ఆయన వద్ద రెండు వేసవులు చిన్న శిక్షణ విమానాన్ని ఎగురవేయడం నేర్చుకొన్నాను. పిమ్మట ఏ విమానాన్ని నిర్మించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఒక పుస్తకంలోని చిన్న బొమ్మ నన్ను పట్టి నిలిపింది. బ్రిటిషు రాజ వాయుసేనలో 152వ స్క్వాడ్రనుకు ‘హైదరాబాద్’ అన్న పేరుండేది. దాని చిహ్నంలో ఉన్నది నిజాం ప్రభువు ధరించే దస్తార్! 1940లో ఆ దళం ఇంగ్లండు దక్షిణాన వార్మ్‌వెల్ నుండి స్పిట్‌ఫైర్ విమానాలతో జర్మన్లను ఎదుర్కొన్నది. మన తలపాగా అంత దూరం వెళ్ళి ఎగిరిందా అని మొదట పొంగిపోయాను. ఆ గౌరవానికి మూలమైన విరాళాలు ఏ ఖజానా నుండి వెళ్ళాయో, ఆ ఖజానాను ఏ రైతులు నింపారో తలచుకొన్నప్పుడు ఆ పొంగు కొంత చల్లారింది. విమానాన్ని కంటితోనైనా చూడనివారు దానికి వెల చెల్లించారు. అయినను, కట్టాలన్న కోరిక మాత్రం చల్లారలేదు. ఇందులోని అసంగతం నాకు తెలియకపోలేదు.

స్పిట్‌ఫైర్ రూపశిల్పి మిచెల్. 1936 మార్చిలో అది తొలిసారి ఎగిరింది. మరుసటి ఏడే ఆయన కన్నుమూశాడు. ఆ విమానపు రెక్క దీర్ఘవృత్తాకారం. చూచుటకు ఎంత రమ్యమో కట్టుటకు అంత దుర్ఘటం. అసలు విమానం రెక్కల విస్తారం 36 అడుగుల 10 అంగుళాలు. అయిదవ వంతుకు కుదించిన మా నమూనాలో 7 అడుగుల 4 అంగుళాలు. ఒక్కొక్క రెక్కలో ఇరవై అడ్డు పలకలు. ఆకారం కొనవైపు సన్నగిల్లుతూ పోవడం చేత ఏ రెండు పలకలూ ఒకే కొలతలో ఉండవు.

మా అబ్బాజాన్ నలభై ఏండ్లు వడ్రంగం చేసి, చూపు మందగించి పని మానినవారు. ముప్పై దాటిన కొడుకు బొమ్మ విమానానికి జీతం తగలేయడం ఆయనకు నచ్చలేదు. నెల రోజులు ఆ గదిలోకి రాలేదు. ఒకనాడు వచ్చి బాల్సా పలకను చేతిలోకి తీసుకొని, “ఇది కట్టెనా, దూదినా?” అన్నారు. మరునాటి నుండి గరుకు కాగితం ఆయన చేతికి వెళ్ళింది. నా కంటికి కనబడని ఎత్తుపల్లాలను ఆయన బొటనవ్రేలు కనుగొనేది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. రెక్క మొదలు కంటె కొన కొద్దిగా క్రిందికి మెలి తిరిగి ఉండాలి. అసలు స్పిట్‌ఫైర్‌లో ఈ మెలిక రెండున్నర డిగ్రీలు. వేగం తగ్గినప్పుడు మొదలు ముందుగా పట్టు తప్పినా, కొన ఇంకా గాలిని పట్టుకొని ఉండడానికే ఈ ఏర్పాటు. మేము ఎడమ రెక్కను అతికించే నాటికి ముసురు పట్టింది. “వానల్ల అంటించకు బేటా, వంకరపోతది. ఎండ రానీ” అన్నారు అబ్బాజాన్. జవాబుపత్రాలు దిద్దే పని ముంచుకొస్తున్నదని నేను ఆగలేదు. నాలుగు దినాల తరువాత కొలిస్తే ఎడమ రెక్కలో మెలిక దాదాపు మాయమై ఉన్నది. పైన పలుచని బాల్సా పొర కప్పితే ఎవరికీ కనిపించదని కప్పివేశాను. ఆయనకు చెప్పలేదు, నా సహోద్యోగికి సైతం చెప్పలేదు.

పెట్రోలు ఇంజను, తోక బరువుకు సరితూగడానికి ముక్కులో పోసిన సీసం, అన్నీ కలిసి 11 కిలోలయింది. పక్కల యు.ఎం. అన్న ఆ దళపు అక్షరాలు, పైలటు గది క్రింద చిన్న దస్తార్ వ్రాశాను.

గత వేసవిలో ఊరి వెలుపల ఎండిన చెరువులో ఎగురవేశాము. అబ్బాజాన్ కట్ట మీది వేపచెట్టు క్రింద కుర్చీలో కూర్చున్నారు. విమానం పరుగెత్తగానే ఇంజను దానిని ఎడమకు లాగింది. కుడి చుక్కాని ఇచ్చి సర్దాను. లేచింది! నాలుగు చుట్లు తిరిగింది. ఆ రెక్కల నీడ చెరువు నెర్రెల మీదుగా సాగిపోతుంటే నాకు సర్వం మరపునకు వచ్చింది. దింపవలసిన వేళ భయం పట్టుకొన్నది. విరగకూడదన్న ఆత్రంలో వేగాన్ని మరీ తగ్గించి ఎడమకు మళ్ళించాను. “వేగం! వేగం!” అని సహోద్యోగి అరుస్తూనే ఉన్నారు. ఎడమ కొన హఠాత్తుగా జారింది. విమానం వెల్లకిలా తిరిగి నేలను తాకింది.

కట్ట మీది నుండి ప్రశ్న వచ్చింది. “చప్పుడు ఆగిందేంది?”

ముక్కలు ఏరి తెచ్చి ఆయన ముందు పెట్టి, దాచిన మాట చెప్పాను. ఆయన ఎడమ రెక్క తునకను ఒడిలో పెట్టుకొని బొటనవ్రేలితో తడిమారు.

“వంకరున్నదని ఆ దినమే ఎరుక నాకు. ఎగిరేటప్పుడు దానితోని ఇంత పని పడతదని ఎరుక లేకుండె. నువ్వే చెప్తవని చూసిన.”

కుడి రెక్క బాగానే మిగిలింది. ఎడమ రెక్కకు ఇరవై పలకలు మరల కోశాము. జిగురు సీసా మాత్రం అబ్బాజాన్ పనిముట్ల పెట్టెలో ఉన్నది. తాళం చెవి ఆయన వద్దనే ఉన్నది. బయట ఇంకా ముసురు వదలలేదు.